పోటు వేళ చూసుకుని కారు తీయండి

టొరంటో నుంచి తూర్పు కెనడాకి కారులో బయల్దేరే తెలుగు కుటుంబాల ప్లానింగు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ముందు లాంగ్ వీకెండ్ ఎప్పుడో చూస్తారు. తర్వాత హోటళ్ళు, ఆ తర్వాత మ్యాపులో గుర్తులు, చివరికి డిక్కీలో రైస్ కుక్కరుకి చోటు. నయాగరాకి ఇది చాలు. జలపాతం పొద్దున్న వెళ్ళినా సాయంత్రం వెళ్ళినా అక్కడే ఉంటుంది. ఫండీ అఖాతం దగ్గర మాత్రం వరస మార్చుకోవాలి: ముందు పోటు పట్టిక, ఆ తర్వాతే హోటలు. పొద్దున పదింటికి మీ పిల్లలు పరుగెత్తిన నేల మీద సాయంత్రం నాలుగింటికి నాలుగంతస్తుల మేడ మునిగేంత నీళ్ళుంటాయి. ఇది తుఫాను రోజు సంగతి కాదు, మామూలు మంగళవారం సంగతి.

అక్కడికి వెళ్దామనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అలా ఎందుకవుతుందో తెలిస్తే ఎలా తిరగాలో సగం తెలిసినట్టే. కాబట్టి మొదట కాస్త ఓపిక పట్టండి, రోడ్డు తర్వాత ఎక్కుదాం.

అసలు ఈ ఫండీ ఎక్కడుంది?

కెనడా పటంలో కుడి అంచున న్యూ బ్రన్స్‌విక్, నోవా స్కోషియా ప్రావిన్సుల మధ్యకి సముద్రం పాయలా చొచ్చుకొచ్చింది. దాని పొడవు సుమారు 270 కిలోమీటర్లు. మొగ దగ్గర వెడల్పుగా, లోతుగా ఉండి, లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది, మెరక అవుతుంది. చివర రెండు కొమ్మలుగా చీలుతుంది. ఉత్తరం కొమ్మ షిగ్నెక్టో, తూర్పు కొమ్మ మైనాస్ బేసిన్. ఈ ఆకారాన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా ఇందులోనే ఉంది.

అదే చంద్రుడు కదా మనకీ ఉన్నది. విశాఖలో లేని పోటు అక్కడెందుకు?

మంచి ప్రశ్న. విశాఖ రేవులో పోటుకీ ఆటుకీ మధ్య తేడా పెద్ద రోజుల్లో కూడా ఒకటిన్నర మీటరుకి కాస్త అటూ ఇటూ. ఆర్కే బీచిలో రోజూ నడిచేవాళ్ళు కూడా దీన్ని పెద్దగా పట్టించుకోరు. ఫండీ లోపలి కొసన బర్న్‌ట్‌కోట్ హెడ్ అనే చోట ఆ తేడా 16 మీటర్ల దాకా వెళ్తుంది.

చంద్రుడు చేసే పని రెండు చోట్లా ఒకటే. భూమికి చంద్రుడి వైపున్న నీటిని ఎక్కువగా, అవతలి వైపున్న నీటిని తక్కువగా లాగుతాడు. ఆ తేడా వల్ల రెండు వైపులా నీరు కొంచెం ఉబ్బుతుంది. భూమి తిరుగుతూ రెండు ఉబ్బుల కిందికీ వస్తుంది కాబట్టి రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. సూర్యుడూ లాగుతాడు గానీ, దూరం వల్ల అతని బలం చంద్రుడి బలంలో సగం కూడా ఉండదు. నడి సముద్రంలో వీళ్ళిద్దరూ కలిసి లేపగలిగేది మీటరు లోపే. అంటే 16 మీటర్లలో చంద్రుడి నేరు వాటా కొంచెమే. మిగిలిందంతా అఖాతం ఆకారం చేసిన పని.

సన్నబడే పాయలోకి నీరు వస్తే పక్కలకి పోలేక పైకి లేస్తుంది. ఇది ఎవరైనా ఊహించగలిగేదే. కానీ ఇలా సన్నబడే అఖాతాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి, వాటిలో ఇంత పోటు రాదు. అసలు కిటుకు లయలో ఉంది. నిండు బిందె చంకన పెట్టుకుని నడిచి చూసినవాళ్ళకి ఇది తెలుసు. అడుగుల వేగం ఏదో ఒక చోట బిందెలో నీళ్ళ ఊపుతో కుదిరిపోతుంది. ఇక అక్కణ్ణించి నడక మారకపోయినా ప్రతి అడుగుకీ నీళ్ళు ఎత్తుగా ఎగిరి చీర తడుపుతాయి. అదే బిందెతో నెమ్మదిగానో బాగా తొందరగానో నడిస్తే అంత చిందవు. ఫండీ అఖాతం, దాని ముందున్న గల్ఫ్ ఆఫ్ మెయిన్ అనే సింధుశాఖ రెండూ కలిసి ఒక పాత్ర. అందులో నీరు ఒకసారి అటూ ఇటూ ఊగడానికి సుమారు 13 గంటలు పడుతుంది. చంద్రుడి పోటు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది. ఈ రెండూ దాదాపు కుదిరాయి. ఒక ఊపు తగ్గకముందే రెండోది దానికి తోడవుతుంది. అలా ప్రతి పోటుకీ అఖాతంలోకి వచ్చిపోయే నీరు సుమారు 16,000 కోట్ల టన్నులని అంచనా.

అందుకే మొగ నుంచి లోపలికి కారులో వెళ్తుంటే పోటు ఎత్తు ఊరూరికీ పెరుగుతుంది. మొగ దగ్గర నాలుగైదు మీటర్లు, సెయింట్ జాన్‌లో ఏడెనిమిది, హోప్‌వెల్‌లో పది నుంచి పద్నాలుగు, బర్న్‌ట్‌కోట్‌లో పదహారు. రోడ్డు వెంబడి రేవుల్లో కట్టిన చెక్క స్తంభాల పొడవు చూసినా ఈ లెక్క తెలిసిపోతుంది.

ప్రపంచంలో ఇదే పెద్దదా అంటే, క్యూబెక్ ఉత్తరాన ఉంగావా అఖాతంలో లీఫ్ బేసిన్ అనేది దాదాపు సమానంగా ఉంది. రెండింటి తేడా కొలతల్లో వచ్చే పొరపాటు పాటి కూడా లేదు. అక్కడికి రోడ్డు లేదు కాబట్టి మన సంగతికి ఫండీయే గెలిచింది.

మన దేశంలోనూ ఇలాంటి చోటు ఒకటుంది, గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ. భావ్‌నగర్ వైపు పోటు తేడా పది మీటర్లు దాటుతుంది. రేవులో ఓడలు ఆటు వేళ నేలకి ఆనకుండా నీటిని పట్టి ఉంచేందుకు అక్కడ లాకు గేటు కట్టారు. పక్కనే అలంగ్. ప్రపంచంలోని పాత ఓడలు చాలా అక్కడికొచ్చి ముక్కలవుతాయి. అక్కడ డ్రై డాక్ ఏమీ లేదు. పెద్ద పోటు రోజున ఓడని పూర్తి వేగంతో ఒడ్డుకెక్కిస్తారు. నీళ్ళు దిగిపోగానే వేల టన్నుల ఓడ బురదలో కూర్చుండిపోతుంది. ఫండీ మీద కుతూహలం ఉండి వీసా లేనివాళ్ళు కంబోయిలో రోజుకి రెండుసార్లు మునిగే స్తంభేశ్వరుడి గుడికి వెళ్ళి రావచ్చు. సూత్రం ఒకటే.

అయితే పౌర్ణమికో అమావాస్యకో వెళ్తే సరిపోతుందా?

సగమే నిజం. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యచంద్రులు ఒకే గీత మీద లాగుతారు కాబట్టి ఎక్కడైనా పోటు పెద్దది. ఫండీకి మాత్రం ఒక విచిత్రం ఉంది. అక్కడ చంద్రుడు ఏ తిథిలో ఉన్నాడన్న దానికంటే భూమికి ఎంత దగ్గరగా ఉన్నాడన్నది ఎక్కువ పని చేస్తుంది. చంద్రుడు దగ్గరికీ దూరానికీ జరగడం వల్ల పోటులో వచ్చే మార్పుకి దాని లయ ఒకటుంది. ఆ లయ సూర్యుడి లయ కంటే అఖాతం సొంత ఊపుకి దగ్గరగా ఉంటుంది. కాబట్టి గోడ మీది పంచాంగం చూసి ఖంభాత్ పోటు ఊహించవచ్చు గానీ ఫండీ పోటు పూర్తిగా ఊహించలేం. రెండూ కలిసిన రోజు, అంటే చంద్రుడు దగ్గరగా ఉండగా పౌర్ణమో అమావాస్యో వస్తే, అదే అసలు పండగ.

అది ఒకసారి విపత్తు కూడా అయ్యింది. బ్రిటిష్ నౌకాదళంలో సాక్స్‌బీ అనే లెఫ్టినెంటు 1868లో ఒక లండన్ పత్రికకి ఉత్తరం రాశాడు. 1869 అక్టోబరు 5న చంద్రుడి స్థితి అసాధారణంగా ఉంటుందని, పోట్లు, తుఫాన్లు జాగ్రత్త అని హెచ్చరించాడు. తుఫాను ఎక్కడొస్తుందో చంద్రుణ్ణి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. అది కాకతాళీయం. కానీ అక్టోబరు 4 రాత్రి తుఫాను సరిగ్గా ఫండీ మీదికే వచ్చింది, పెద్ద పోటుతో కలిసింది. కరకట్టలు తెగి, పశువులు, గడ్డివాములు కొట్టుకుపోయాయి. ఇప్పటికీ అక్కడివాళ్ళు దాన్ని సాక్స్‌బీ తుఫాను అనే అంటారు.

ఇక పర్యాటకుడికి పనికొచ్చే లెక్క. పెద్ద పోట్ల రోజుల్లో ఫండీ పై భాగంలో నీళ్ళు నిండేది మధ్యాహ్నం పన్నెండూ ఒకటి మధ్య, అర్ధరాత్రి ప్రాంతంలో. పూర్తిగా దిగేది పొద్దున్న, సాయంత్రం ఆరేడు గంటలకి. అంటే అన్నిటికంటే పెద్ద ఆటు చూడాలంటే పార్కుల గేట్లు తెరవకముందే లేవాలి. అష్టమి ప్రాంతాల్లో అయితే ఆటు మిట్టమధ్యాహ్నం వస్తుంది. ఎత్తు తేడా కొంచెం తగ్గుతుంది గానీ, ఎంత తగ్గినా హోప్‌వెల్‌లో పది మీటర్లకి దగ్గర్లో ఉంటుంది. చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న బండికి నా ఓటు అష్టమికే.

పట్టిక ఎలా చదవాలి?

కెనడా హైడ్రోగ్రాఫిక్ సర్వీసు ప్రతి రేవుకీ పోటు పట్టిక ఇస్తుంది. ఏ ఊరికెళ్తే ఆ ఊరి పట్టికే చూడాలి. సెయింట్ జాన్‌లో పోటు వచ్చిన గంటకి గానీ బర్న్‌ట్‌కోట్‌లో రాదు. ప్రతి రోజూ అంతా సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ పదింటికి ఆటు అయితే రేపు పదీ యాభైకి.

గడియారంతో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఈ రెండు ప్రావిన్సులూ టొరంటో కంటే గంట ముందుంటాయి. క్యూబెక్ దాటగానే ఫోను మారిపోతుంది, డ్యాష్‌బోర్డు గడియారం మారదు. రెండోది, సెయింట్ ఆండ్రూస్ లాంటి సరిహద్దు ఊళ్ళలో ఫోను అవతలి గట్టున అమెరికా టవరును పట్టుకుని గంట వెనక్కి పోగలదు. మామూలు ఊళ్ళో గంట తేడా అంటే భోజనం ఆలస్యం. ఇక్కడ గంటలో మూడు మీటర్ల నీరు వస్తుంది. కొన్ని పట్టికలు వేసవి సమయాన్ని కలపకుండా అచ్చవుతాయి, అడుగున చిన్న అక్షరాలు చదవండి.

దారి విషయంలో ఇంకో మాట. మాంట్రియల్ నుంచి సెయింట్ జాన్‌కి దారి అడిగితే ఫోను దగ్గర దారని అమెరికాలోని మెయిన్ రాష్ట్రం మీదుగా చూపిస్తుంది. భారత పాస్‌పోర్టుతో, అమెరికా వీసా లేకుండా కెనడాలో ఉంటున్నవాళ్ళు ఆ గీతని నమ్ముకుంటే సరిహద్దు చెక్‌పోస్టులో తేలతారు. ఎడ్మండ్‌స్టన్ మీదుగా ట్రాన్స్ కెనడా హైవే పట్టుకోండి. చీకటి పడ్డాక మూస్ దుప్పులు రోడ్డు మీదికొస్తాయి. బోర్డులు ఊరికే పెట్టలేదు, సాయంత్రానికే దిగిపోవడం మేలు. అన్నట్టు సెయింట్ జాన్ వేరు, న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ వేరు. రెండోదానికి సముద్రం దాటాలి.

ముందు ఎక్కడ ఆగాలి?

ఒక్క చోటికే టైముంటే హోప్‌వెల్ రాక్స్. మాంక్టన్ నుంచి 40 కిలోమీటర్లు, రూట్ 114 మీద. గులకరాళ్ళు సిమెంటులా అతుక్కున్న ఎర్రటి రాయి, మధ్యమధ్య ఇసుకరాయి పొరలు. వాన నీళ్ళు, చలికాలపు మంచు పగుళ్ళని పెద్దవి చేస్తే, పోటు నీళ్ళు అడుగు భాగాన్ని కొరుక్కుంటూ వచ్చాయి. చివరికి గట్టు నుంచి విడిపోయిన స్తంభాలు మిగిలాయి. కింద సన్నం, పైన లావు, నెత్తిన స్ప్రూస్ చెట్లు.

ఇనప మెట్లు దిగి సముద్రం అడుగుకి చేరగానే అందరూ పైకి చూసి ఫొటోలు తీసుకుంటారు. మీరు ఆ పని ముగించి రాతి దగ్గరకి వెళ్ళండి. నేల నుంచి మీ మోకాళ్ళు, నడుము, తల దాటి ఇంకా పైదాకా రాయి మీద గోధుమరంగు సముద్రపు పాచి వేలాడుతుంటుంది. దాని ఆకుల్లో గాలి బుడగలుంటాయి. వేలితో నొక్కితే టప్పున పేలతాయి. నీళ్ళొచ్చినప్పుడు ఆ బుడగలే ఆకుల్ని వెలుతురు వైపు తేలుస్తాయి. పాచి ఆగిపోయిన గీత పైన రాయి ఎండిపోయి లేత రంగులో ఉంటుంది. ఆ గీతని తల పూర్తిగా వెనక్కి వంచితే గానీ చూడలేం. పట్టికలో అంకెగా చదివిన పోటు అక్కడ మెడకి తెలుస్తుంది.

నేల మీద తిరగడానికి సాధారణంగా ఆటుకి మూడు గంటల ముందు నుంచి మూడు గంటల తర్వాత దాకా వీలుంటుంది. మిగతా వేళల్లో పై నుంచి చూడటమే, లేదంటే అవే స్తంభాల తలల మధ్య కయాక్ నడపడం. దయచేసి రెండుసార్లూ చూడండి. ఒక్కసారే చూసినవాళ్ళు చూసింది రాళ్ళని, లేదా నీళ్ళని. పోటుని కాదు. ఆరు గంటల తేడాలో మళ్ళీ అదే మెట్ల మీద నిలబడాలి. మధ్యలో 40 కిలోమీటర్ల దూరంలో ఆల్మా అనే చేపల ఊరుంది. రేవులో పడవలు నీళ్ళు లేక అడుగున నేల మీద నిలబడి ఉంటాయి. అక్కడ భోంచేసి, పక్కనే ఉన్న ఫండీ నేషనల్ పార్కులో ఓ చిన్న నడక నడిచి వెనక్కి వస్తే ఆరు గంటలు ఇట్టే గడుస్తాయి.

స్తంభాలు శాశ్వతమేమీ కాదు. ఎలిఫెంట్ రాక్ అని పోస్టుకార్డుల మీదంతా ఉండే స్తంభం 2016 మార్చిలో సగం కూలిపోయింది. పాత ఫొటోలు చూసుకుని వెళ్ళి అది ఎక్కడని వెతక్కండి.

జూలై చివర, ఆగస్టు మొదట్లో వెళ్తే అటువైపే మేరీస్ పాయింటులో, డార్చెస్టర్ దగ్గర జాన్సన్స్ మిల్స్‌లో సాండ్‌పైపర్ అనే చిన్న పిట్టల గుంపులు వేల సంఖ్యలో దిగుతాయి. ఆర్కిటిక్ నుంచి వచ్చి, ఫండీ బురదలో ఉండే బియ్యపు గింజంత రొయ్య పురుగుల్ని తిని, సుమారు 20 గ్రాముల బరువు రెండింతలు చేసుకుని, అట్లాంటిక్ మీదుగా దక్షిణ అమెరికాకి ఆగకుండా ఎగిరిపోతాయి. ఇక్కడ లెక్క రివర్సు: వీటిని చూడాలంటే పోటు వేళ వెళ్ళాలి. నీళ్ళు బురదని కమ్మేస్తే పిట్టలన్నీ మిగిలిన సన్నటి ఒడ్డు మీదికి చేరతాయి.

నది వెనక్కి ప్రవహిస్తుందంటారు, నిజమేనా?

రెండు చోట్ల, రెండు రకాలుగా. మాంక్టన్‌లో పెటికోడియాక్ నది మీద వచ్చేదాన్ని టైడల్ బోర్ అంటారు. మెరక నదిలోకి పోటు దూరినప్పుడు, ముందున్న నీళ్ళని నది అడుగూ ఎదురు ప్రవాహమూ ఆపుతుంటాయి. వెనకున్న లోతు నీళ్ళు వేగంగా వచ్చి ముందువాటి మీద పడతాయి. అలా మెట్టులా లేచిన అల నది అడ్డంగా, ఎగువకి నడుచుకుంటూ వస్తుంది. ఊరి మెయిన్ స్ట్రీట్ పక్కనే పార్కులో కూర్చుని చూడొచ్చు, వచ్చే వేళ ముందే ప్రకటిస్తారు.

చాలామంది నిరాశపడి లేచిపోయేది ఇక్కడే. చిన్న రోజున అల మోకాలెత్తు కూడా ఉండదు. అల పోగానే కారెక్కేస్తారు. కానీ అల తోక కదూ ముఖ్యం! దాని వెనక నది చాక్లెట్ రంగులో నిండుకుంటూ వచ్చి బురద గట్లని గంటలో కనిపించకుండా చేస్తుంది. ఆ గంట కూర్చోండి.

ఈ బోర్‌కి ఒక గతం ఉంది. 1968లో నదికి అడ్డంగా కాజ్‌వే కట్టారు. గేట్లు మూయడంతో ఒండ్రు పేరుకుని నది పూడిపోయింది, బోర్ ఒక ముడత మాత్రంగా మిగిలింది. ఏళ్ళ వాదోపవాదాల తర్వాత 2010లో గేట్లు ఎత్తేశారు. నది తన దారిని తానే తవ్వుకుంది. 2013లో సర్ఫర్లు ఒకే అల మీద 29 కిలోమీటర్లు వెళ్ళారు. ఆ కాజ్‌వే చోట 2021లో వంతెన తెరిచారు.

సెయింట్ జాన్‌లో రివర్సింగ్ ఫాల్స్ వేరు సంగతి. అక్కడ నది ఒక ఇరుకు రాతి సందులోంచి సముద్రంలో పడుతుంది. ఆటు వేళ నది మట్టం సముద్రం కంటే నాలుగు మీటర్లు పైన, పోటు వేళ సముద్రం నది కంటే నాలుగు మీటర్లు పైన. దాంతో అదే సందులో నీళ్ళు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఉరుకుతాయి. మధ్యలో రెండు మట్టాలూ సమానమైన ఇరవై నిమిషాలు నీరు నిశ్చలంగా ఉంటుంది, పడవలు దాటేది అప్పుడే. జలపాతం అన్న పేరు విని జోగ్‌నో కుంతలనో ఊహించుకుని వెళ్ళకండి. సుడులు, నురగ, వెనక్కి నడిచే నది, అంతే. ఆ అంతే చాలు.

సముద్రం అడుగున కారు నడపొచ్చా?

నడపొచ్చు, సెయింట్ ఆండ్రూస్‌లో. ఊరి చివర బార్ రోడ్ అనే వీధి తిన్నగా నీళ్ళలోకి దిగిపోతుంది. ఆటు వేళ అక్కడ గులకరాళ్ళ గట్టు తేలి, మినిస్టర్స్ ఐలాండ్‌కి రోడ్డు అవుతుంది. కెనడియన్ పసిఫిక్ రైల్వే అధ్యక్షుడు విలియం వాన్ హోర్న్ వేసవి విడిది అక్కడుంది. ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో రోజూ ప్రకటిస్తారు. మూసే వేళకి అరగంట ముందే ఇవతలికి వచ్చెయ్యండి. ఉప్పునీళ్ళు తగిలిన కారుకి ఇన్సూరెన్సు వాళ్ళు ఏమంటారో తెలుసుకునే సందర్భం రాకపోవడమే మంచిది.

నీళ్ళు ఎంత వేగంగా వస్తాయి?

పడవవాళ్ళ లెక్క ఒకటుంది. పోటు ఎక్కే ఆరు గంటల్నీ పన్నెండు వంతులుగా పంచుతారు: 1, 2, 3, 3, 2, 1. పన్నెండు మీటర్ల పోటైతే మొదటి గంటలో మీటరు, రెండో గంటలో రెండు, మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ మూడేసి, తర్వాత మళ్ళీ రెండు, ఒకటి. ప్రమాదం ఎక్కడుందో ఈ అంకెలే చెబుతాయి. మొదటి గంట చూసి, ఇంతేగా అనుకునేవాళ్ళు మూడో గంటలో చిక్కుతారు. అప్పుడు నిమిషానికి ఐదు సెంటీమీటర్లు ఎక్కుతుంది. యాభై మీటర్లకి ఒక మీటరు వాలున్న చదును నేల మీద అది నిమిషానికి రెండున్నర మీటర్లు ముందుకు రావడం. మీరు గట్టు మూలలో ఫొటో దిగుతుంటే, మీ ముందున్న నీళ్ళ కంటే మీ వెనక పల్లంలో చేరే నీళ్ళు ముందు దారి మూసేస్తాయి. ఆటు వేళకి తిరుగు నడక మొదలుపెట్టాలి, అక్కడికి చేరడం కాదు.

కాళ్ళకి పాత బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. బురద చెప్పుని ఉంచేసుకుని కాలిని మాత్రమే వదులుతుంది. ఆగస్టులో కూడా నీళ్ళు చల్లగా ఉంటాయి, పొగమంచు చెప్పకుండా దిగుతుంది. ఒక స్వెట్టరు వెనక సీట్లో ఉండాలి.

నోవా స్కోషియా వైపు ఏముంది?

అక్కడ తీరిక ఎక్కువ, జనం తక్కువ. దారిలో జాగిన్స్ దగ్గర కొండ చరియల్లో 31 కోట్ల ఏళ్ళ నాటి చెట్ల మోడులు నిలువునా రాళ్ళయి ఉన్నాయి. ప్రతి పోటూ చరియని కొంచెం కోసి కొత్తవి బయటపెడుతుంది. ఇప్పటిదాకా దొరికిన అతి పాత సరీసృపాల్లో ఒకటైన హైలోనోమస్ అలాంటి బోలు మోడులోనే దొరికింది. జాగిన్స్ 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. చూడొచ్చు, జేబులో వేసుకోకూడదు, చట్టం ఒప్పుకోదు.

బర్న్‌ట్‌కోట్ హెడ్ చిన్న పార్కు. హోప్‌వెల్‌కి ఉన్న హడావిడి లేదు. ఎర్ర నేల మీద నీటి గుంటల్లో పీతలు, నత్తలు పిల్లలకి చాలు. రికార్డు పోటు ఇక్కడిదే అయినా కంటికి హోప్‌వెల్ అంత ఎత్తుగా కనిపించదు. ఇక్కడ తీరం చదునుగా ఉండటం వల్ల నీళ్ళు ఎత్తుకంటే దూరంగా కనిపిస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చేది గ్రాండ్ ప్రే. అక్కడ చూడటానికి పొలాలే ఉంటాయి, సందేహం లేదు. 1680ల నుంచి అకేడియన్లనే ఫ్రెంచి రైతులు ఈ పోటుతోనే పోటీ పడి సముద్రం నుంచి నేల తీసుకున్నారు. కరకట్ట కట్టి, దాని అడుగున చెక్క తూము పెట్టారు. తూములో ఒక తలుపు సముద్రం వైపు మాత్రమే తెరుచుకునేలా వేలాడుతుంది. ఆటు వేళ పొలంలోని వాన నీరు దాన్ని తోసుకుని బయటికి పోతుంది. పోటు వేళ ఉప్పునీళ్ళు వచ్చి అదే తలుపుని గట్టిగా మూసేస్తాయి. మనిషి అక్కర్లేదు, గొళ్ళెం అక్కర్లేదు. రెండు మూడేళ్ళు వానలకి ఉప్పు కడుక్కుపోయాక గోధుమ వేశారు. డెల్టాలో ఉప్పుతేలిన చేలు ఎరిగినవాళ్ళకి ఆ రెండు మూడేళ్ళ ఓపిక ఏమిటో చెప్పక్కర్లేదు. 1755లో బ్రిటిష్‌వాళ్ళు ఆ రైతుల్ని ఓడలెక్కించి దేశాంతరం పంపేశారు. నేల మాత్రం ఇప్పటికీ సాగులో ఉంది. 2012లో యునెస్కో గుర్తించింది.

దగ్గర్లోనే హాల్స్ హార్బర్. ఎండ్రకాయలు తినేవాళ్ళకి పక్కనే లాబ్‌స్టర్ తాజాగా ఉడికించి ఇస్తారు. తినేలోపు రేవులో పడవలు మెల్లగా కిందికి దిగడం చూడొచ్చు. శాకాహారులకి ఈ తీరం కొంచెం కష్టమే, డిక్కీలో రైస్ కుక్కరు న్యాయమైనదే.

ఇంత నీటితో కరెంటు తీయొచ్చు కదా?

తీశారు. 1984లో అన్నాపొలిస్ రాయల్‌లో 20 మెగావాట్ల కేంద్రం మొదలైంది. యంత్రం చెడిపోవడం, టర్బైనులో చేపలు చచ్చిపోతున్నాయన్న అభ్యంతరం కలిసి 2019లో ఆగిపోయింది. మైనాస్ ఇరుకులో నీటి అడుగున 2009లో దించిన టర్బైను రెక్కల్ని కొద్ది వారాల్లోనే ప్రవాహం విరగ్గొట్టేసింది. శక్తి లేక కాదు, మరీ ఎక్కువై.

ఎన్ని రోజులు కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆరు రోజులు ఉంటే చుట్టు పూర్తవుతుంది: సెయింట్ జాన్, ఆల్మా, హోప్‌వెల్, మాంక్టన్, జాగిన్స్, ట్రూరో మీదుగా బర్న్‌ట్‌కోట్, గ్రాండ్ ప్రే, డిగ్బీ. అక్కణ్ణించి కారుతో సహా ఫెర్రీ ఎక్కితే రెండు గంటల పైచిలుకులో మళ్ళీ సెయింట్ జాన్. పౌర్ణమో అమావాస్యో వెళ్ళిన తదియ ప్రాంతంలో మొదలుపెడితే మొదటి రోజు ఆటు పొద్దున్న తొమ్మిది దరిదాపుల్లో పడుతుంది. రోజుకి యాభై నిమిషాల చొప్పున జరిగి ఆరో రోజుకి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది. ఆరు రోజులూ ఆటు పగటి వెలుతురులోనే, చిన్నపిల్లల్ని చీకటితో లేపక్కర్లేకుండా దొరుకుతుంది. పెద్ద పోట్ల ఊపు తిథి దాటాక ఒకటి రెండు రోజులు ఆగి గానీ తగ్గదు, కాబట్టి ఎత్తులో పెద్దగా పోగొట్టుకునేదీ ఉండదు. వేసవిలో ఫెర్రీ మీద కార్ల చోటు తొందరగా నిండిపోతుంది. తేదీ తేలగానే ముందు ఆ టికెట్టు తీసుకోండి.